చంద్రుడు ఊరికే చేసిన పని

ఆ ఏడాది ఆషాఢ పౌర్ణమి జూలై ఇరవయ్యో తారీఖున వచ్చింది. పొద్దున మేం తిన్నది చల్లటి అన్నం, కొబ్బరిపాలలో ఉడికించిన ఉప్పాకు. చెరువు గట్ల మీద దానంతటదే మొలిచే ఆకు అది. ఉడికించి, పిండి, మళ్లీ ఉడికించి పిండితే తప్ప ఉప్పు వదలదు. నా భార్య సాయ్‌యుత్ ఓపిగ్గా పిండేది. ఆమె పోయి మూడేళ్లయింది. ఆ రోజు మా అత్తగారు వండారు, ఒక్కసారి పిండి వదిలేశారు. కూర నాలుక మీద సముద్రంలా ఉంది. పికూన్ రెండు చెంచాలు తిని లేచిపోయింది.

పికూన్ మా అమ్మాయి. మహాచై రేవుపట్నంలో చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లు నిలబడి పనిచేసింది. తల్లికి జబ్బు చేసినప్పుడు సెలవు పెట్టి వచ్చి, ఆమె పోయాక తిరిగి వెళ్లలేదు. చెరువు చూసుకుంటానంది. చెరువు అమ్మమ్మది. అత్తగారి పేరు లమూన్. మనవరాలు ‘యాయ్’ అని పిలుస్తుంది, అంటే అమ్మమ్మ అని. మనవరాలితోపాటు కాలువ పొడుగునా అందరూ అలాగే పిలవడం మొదలెట్టారు. చివరికి నేనూ అంతే. మా వైపు పెళ్లయిన మగవాడు భార్య ఇంటికి రావడం మామూలే. నేను రాచ్‌బురీ నుంచి ఒక ట్రంకుపెట్టె, ఒక భూగోళశాస్త్రం డిగ్రీ పట్టుకుని ఈ ఇంటికి వచ్చాను. మండలం బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. భార్య పోయినా ఈ ఇల్లు నన్ను పొమ్మనలేదు.

ఇంటి వెనక మెట్లు దిగితే చెరువు. చెరువు ఆ చివర తూము. తూముకి అవతల, సముద్రంలో కలిసే కాలువ. మా చెరువులో ఎప్పుడూ ఎవరూ రొయ్యపిల్లని కొని వెయ్యలేదు. పౌర్ణమికీ అమావాస్యకీ పెద్ద పోటు వస్తుంది. ఆ పోటుకి తూము పలకలు ఎత్తితే సముద్రం తనంతట తానే రొయ్యపిల్లల్ని, పీతల్ని, కొయ్యంగ చేపల్ని లోపలికి తెచ్చి పోస్తుంది. పలకలు దించి, మూడు నెలలు ఊరుకుని, మరో పౌర్ణమికి పాటు తీసే వేళ, అంటే సముద్రం నీళ్లని వెనక్కి లాగే వేళ, వల కట్టి తూము ఎత్తితే పెరిగినవన్నీ వలలోకి వస్తాయి. యాయ్ పెళ్లికూతురుగా ఉన్న నాటి నుంచీ ఈ చెరువుకి ఖర్చంటే పుచ్చిపోయిన తూము పలక మార్చడం ఒక్కటే.

తర్వాత నల్లగడ్డం చేప వచ్చింది. అరచేతి పొడుగు, బూడిదరంగు, గడ్డం కింద మసి పూసినట్టు మచ్చ. ఆఫ్రికా చేప అంటారు. ఇక్కడికి ఎలా వచ్చిందో, ఎవరు వదిలారో పట్నంలో పెద్దవాళ్లు ఇంకా తేల్చుకుంటున్నారు. తేలేలోపు అది కాలువలన్నీ నిండిపోయింది. ఉప్పునీళ్లూ దానికి సరే, మంచినీళ్లూ సరే. పోటుతోపాటు చెరువులోకి వచ్చి రొయ్యపిల్లల్ని తినేస్తుంది. కిందటి పట్టుబడికి వలలో రొయ్యలు అరబకెట్టు పడ్డాయి. నల్లగడ్డాలు మాత్రం మోయలేనన్ని పడ్డాయి.

అందుకే ఆ ఏడు పికూన్ చెరువంతా ఎండగట్టి, చేపలకి విషమయ్యే టీగింజల చెక్క చల్లి, ఒక్క చేప మిగలకుండా చంపి, మళ్లీ కొత్తగా నింపాలనుకుంది. సోలార్ కంపెనీవాళ్లు చెరువుని ఇరవై ఐదేళ్లకి కౌలుకి అడుగుతున్నారు. నీళ్లు తీసేసి, మట్టి పోసి, సోలార్ పలకలు పరుస్తారట. యాయ్ మనవరాలికి ఒక మాట ఇచ్చింది. ఈసారి నింపిన చెరువు, భిక్షువులు వానాకాలం మూడు నెలలూ గుడి కదలకుండా ఉండే వర్షావాసం ముగిసే పౌర్ణమికి సరిగ్గా పండితే చెరువు పికూన్‌ది. పండకపోతే యాయ్ కాగితాల మీద వేలిముద్ర వేస్తుంది, పికూన్ మహాచై వెళ్లిపోతుంది. మా పిల్ల ఆ మూడు నెలలూ ఆ మాట మీదే లేచింది, ఆ మాట మీదే పడుకుంది. పడుకుందని అనడం కూడా తప్పే.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, నీళ్లు అడుగంటా తీసేది పౌర్ణమికి. పౌర్ణమి యాయ్ ఏ ప్రాణినీ చంపనని శీలం పట్టే రోజు. చీమని కూడా తుడవకుండా ఊది పంపే రోజు. చంద్రుడు గుడికీ చెరువుకీ ఒకే రోజు పని పెట్టాడు. రొయ్యల పట్టుబడికైతే ఒక రోజు అటూ ఇటూ అయినా నష్టం లేదు, మామయ్యగారు ఎప్పుడూ మర్నాడే వల కట్టేవారట. కానీ చేపని పూర్తిగా తుడిచిపెట్టాలంటే చెరువులో ఒక్క గుంట కూడా తడిగా మిగలకూడదు.

“యాయ్, ఇవాళ తీసినట్టు నీళ్లు మళ్లీ అమావాస్యకి గానీ తీయవు,” అంది పికూన్. చెక్క బస్తాలు అప్పటికే మెట్ల దగ్గర పేర్చి ఉన్నాయి.

యాయ్ తెల్ల చొక్కా వేసుకుని, తామరమొగ్గలు ఆకులో చుట్టుకుంటోంది. “తీయనీ. తూము ఎత్తు. నీళ్లు వదలడం పాపమని ఏ భిక్షువూ చెప్పలేదు. ఆ చెక్క మాత్రం ఇవాళ చల్లకు. రేపూ చల్లకు.”

“రేపెందుకు వద్దు?”

“రేపు వర్షావాసం మొదలు. తెలీనట్టు అడుగుతావేం?”

“వర్షావాసమని చేపలకి తెలుసా?”

“వాటికి తెలీదు కాబట్టే మనం తెలుసుకోవాలి.”

“నాన్నా, నువ్వయినా చెప్పు.”

“నేను భూగోళం చెప్పినవాణ్ణి తల్లీ. పోటు ఎప్పుడొస్తుందో చెబుతాను. మీ అమ్మమ్మకి ఎప్పుడు ఏం చెప్పాలో ముప్పై ఐదేళ్లుగా నాకే తెలీదు.”

యాయ్ నవ్వు ఆపుకుంది. పికూన్ ఆపుకోలేదు, అసలు నవ్వలేదు. చివరికి తనే ఒప్పుకుంది. ఇవాళ నీళ్లు వదలడం, ఎల్లుండి చెక్క చల్లడం. రెండు రోజులు ఎండితే బురద కూడా గట్టిపడుతుందని తనకి తనే చెప్పుకుంది.

మధ్యాహ్నానికి చెరువు ఖాళీ అయింది. తూము ముందున్న గుంటలో మాత్రం మోకాలి లోతు నీళ్లు మిగిలాయి. మిగతాదంతా మెరిసే బురద. ఆ బురదలో వందలకొద్దీ చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. కొంగలు దిగాయి. ఎండ నడినెత్తిన ఉంది. యాయ్ గుడి నుంచి పడవ దిగి, చెప్పులు విడిచి, తెల్ల చొక్కాతోనే బురదలోకి నడిచింది. ఎనభై దాటిన మనిషి. నేనూ పికూన్ పరిగెత్తాం.

“ఏం చేస్తున్నావ్ యాయ్?”

“చంపేది ఎల్లుండి కదా. అప్పటిదాకా ఇలా ఎండలో కొట్టుకోమని ఎవరన్నారు?” ఆమె ఒక్కో చేపనీ రెండు చేతులతో ఎత్తి బకెట్‌లో వేసుకుని గుంటలో వదులుతోంది. “కాలువలో వదలట్లేదులే, భయపడకు. ఈ గుంటలోనే. రెండు రోజులు నీళ్లలో ఉంటాయి, అంతే.”

ఒక చేపని ఆమె మా ముందు పట్టుకుంది. దాని నోరు ఉబ్బి ఉంది. దవడ కొంచెం తెరుచుకుంటే లోపల పసుపురంగు గుడ్లు కనిపించాయి.

“చూడవే, నోటినిండా పిల్లల్ని పెట్టుకుంది.”

“మగది యాయ్ అది,” అంది పికూన్. “వీటిలో తండ్రే మోస్తాడు. మోసినన్నాళ్లూ తిండి తినడు.”

యాయ్ ఆ చేపని ఎక్కువసేపు చూసింది. తర్వాత మెల్లగా గుంటలోకి వదిలింది. పికూన్ కూడా వంగి రెండో బకెట్ అందుకుంది. ఎలాగూ రెండు రోజుల్లో పోయేవే కదా అని ముగ్గురం కలిసి సాయంత్రందాకా ఎత్తి పోశాం. మాకు కొంచెం హాయిగా కూడా అనిపించింది. చివర్లో పికూన్ తను పెట్టుకున్న తల్లి టోపీ తీసి యాయ్ నెత్తిన పెట్టింది. తాటాకులతో అల్లిన ఆ టోపీ యాయ్‌కి చెవులదాకా దిగింది.

మూడో రోజు చెక్క చల్లుదామనుకున్నాం. తెల్లవారకముందే వాన పట్టుకుంది. రోజంతా కురిసింది. నాలుగో రోజు వాన తగ్గింది గానీ, పాటు కూడా తగ్గింది. నీళ్లు మునుపటిలా తీయలేదు. చెరువులో అక్కడక్కడా మడుగులు నిలిచాయి. అయినా పికూన్ ఆగలేదు. చెక్క నానబెట్టి, ఆ నురుగునీళ్లు మడుగుమడుగుకీ పోసింది. చేపలు వెల్లకిలా తేలాయి. గుంటలోవీ తేలాయి. బస్తాలకెత్తి జొంగ్‌కోన్ దగ్గరికి తీసుకెళ్లాం.

జొంగ్‌కోన్ మా పక్క కాలువ ఆవిడ. సర్కారు తరఫున నల్లగడ్డాల్ని కిలో పదిహేను బాత్‌కి కొనే కాంటా ఆవిడ పెరట్లోనే ఉంది. కొన్న చేపల్ని మురగబెట్టి రబ్బరు తోటలకి ఎరువుగా పంపుతారు. ఆవిడ నోటికి కాంటా లేదు.

“ఏం పికూన్, ఈ పదిహేను బాత్‌లకోసం ఎన్ని బాత్‌ల చెక్క పోశావే?”

“అడక్కు అక్కా. ఆ లెక్క తీస్తే ఈ చేపని వెండి పళ్లెంలో పెట్టి తినాలి.”

“అయితే చంపడమెందుకు? పెంచు. రొయ్య మానేసి ఇదే పెంచి నాకే అమ్ము. మేతక్కర్లేదు, పిల్లక్కర్లేదు.”

“పదిహేను బాత్‌కా? ఇక్కడిదాకా మోసుకొచ్చే పడవకి డీజిల్ నువ్వు పోస్తావా?”

“మాస్టారు పోస్తారులే. పింఛను వస్తుందిగా. ఏం మాస్టారూ?”

“నా పింఛను కూడా ఆ చేపే తింటోందమ్మా,” అన్నాను. ఆవిడ పడీపడీ నవ్వి, కాంటా మీది బస్తాని చేత్తో కొంచెం కిందికి నొక్కింది. రెండు కిలోలు ఎక్కువ తూగింది. చూడనట్టు మేము చేపల వైపు తిరిగాం.

అమావాస్య పోటుకి తూముకి వల మీద వల కట్టి, వల కళ్లు దోమతెరంత సన్నవి చూసి, చెరువు నింపాం. సన్నవలలో నీళ్లు చుక్కచుక్కగా దిగాయి. మునుపు ఒక్క పోటుకి నిండే చెరువు నాలుగు పోట్లకి నిండింది. అంత సన్నని వలలోంచి రొయ్యపిల్లలు తక్కువే వస్తాయని భయపడి, పికూన్ పట్నం నుంచి మరికొన్ని కొనుక్కొచ్చింది. నల్లగడ్డాలు ఏవైనా జారి వస్తే తింటాయని పండుగప్ప పిల్లల్ని కూడా తెచ్చింది. ఈ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల చెరువులోకి రొయ్యపిల్లని డబ్బు పెట్టి వెయ్యడం అదే మొదటిసారి.

ఇక నిద్ర లేదు. పికూన్ తన చాపని వెనక గదిలోకి మార్చుకుంది. చెరువు వైపు తలుపు రాత్రుళ్లు తీసే ఉంచేది. నీళ్లలో ఏదైనా ఎగిరితే ఆ చప్పుడుని బట్టి అది కొయ్యంగా, పండుగప్పా, నల్లగడ్డమా అని చెప్పాలనుకునేది. దోమలు ఇల్లంతా నిండాయి. యాయ్ నాలుగు దోమచుట్టలు వెలిగించి నాలుగు మూలలా పెట్టేది. నేను పొద్దునా సాయంత్రం గట్టు చుట్టూ నడిచేవాణ్ణి. నీటి మీద గాలి ముడత వేసినా నిలబడిపోయేవాణ్ణి. జొంగ్‌కోన్ పడవ మీద పోతూ అరిచేది: “ఏం మాస్టారూ, ఈ నడక డాక్టరు చెప్పాడా, చేపలు చెప్పాయా?” అని. ఒకరోజు మాత్రం ఏమీ అనకుండా, ఆవిరి మీద ఉడికించిన కానాగంతల బుట్ట ఒకటి గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. మెడలు వంచి బుట్టలో సర్దిన ఆ చేపల్ని వేయించుకుని, మిరపకాయ పచ్చడితో మేము కడుపునిండా తిన్నాం. అంత తృప్తిగా తిన్నది ఆ నెలలో అదొక్కసారే.

ఆగస్టు పౌర్ణమి ఇంకా వారం ఉందనగా ఒక సాయంత్రం పికూన్ తూము దగ్గర గుప్పెడు తవుడు చల్లి చూసింది. నేను గట్టు మలుపులో ఉన్నాను. ముందు ఏమీ లేదు. తర్వాత వానచినుకులు పడ్డట్టు నీళ్లు చిటపటలాడాయి. వేలెడు పొడుగు లేని చేపపిల్లల నోళ్లు, గుంపులు గుంపులుగా, తవుడు కోసం పైకి వచ్చాయి. పికూన్ చేతివలతో ఒకదాన్ని తోడి అరచేతిలో వేసుకుంది. గడ్డం కింద ఇంకా నలుపు రాలేదు. కానీ అదే.

ఎలా మిగిలాయో వెతుక్కోనక్కర్లేదు. వాన నీళ్లు చేరిన గుంటలో చెక్క విషం పలచబడింది. పెద్దవి చచ్చాయి. చస్తూ నోరు తెరిచి, మోస్తున్న పిల్లల్ని వదిలాయి. పిల్లలు తూము పలకల సందుల్లో ఊరే కాలువనీళ్లని ఆనుకుని దాక్కున్నాయి. అన్నాళ్లూ మేము కాలువ వైపు నుంచి వస్తాయేమోనని వలలు చూసుకుంటూ కూర్చున్నాం. అవి మేము దాచిన చోటే పెరిగాయి.

పికూన్ ఆ చేపని పట్టుకునే ఇంట్లోకి నడిచింది. యాయ్ దీపం ముందు కూర్చుని ఉంది.

“నీ పుణ్యం చెరువులో ఈదుతోంది, వచ్చి చూడు యాయ్!”

“పికూన్,” అన్నాను.

“నువ్వాగు నాన్నా! రెండు రోజులట. పాపం ఎండలో కొట్టుకుంటున్నాయట. నేను ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లు కొట్టుకున్నాను, నన్నెవరైనా ఎత్తి నీళ్లలో వేశారా?”

అంత మాట అన్నాక దానికే ఏడుపు వచ్చింది. చేతిలో చేప ఇంకా కదులుతోంది. యాయ్ లేచి, ఆ పిల్ల చేతిలోంచి చేపని తీసుకుని, వేలిగోటితో తల దగ్గర ఒక్క నొక్కు నొక్కింది. అది ఆగిపోయింది. యాయ్ చేత్తో ఒక ప్రాణి పోవడం ఆ ఇంట్లో అంతకుముందు నేను చూడలేదు. వంటకి తెచ్చిన చేపని కూడా ఆమె సాయ్‌యుత్‌కో నాకో ఇచ్చి అటు తిరిగేది.

“అన్నం తిను,” అంది. అంతే.

మూడు రోజులు ముగ్గురం మూడు వేళల్లో తిన్నాం. పికూన్ మహాచై ఫ్యాక్టరీ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసింది. పెరట్లో నిలబడి, మెల్లగా మాట్లాడింది. నేను వినకూడదని కుళాయి తిప్పాను.

నాలుగో రోజు యాయ్ నా దగ్గరికి ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి పెట్టింది. కఠినం పండక్కి గుడిలో భిక్షువులకి చీవరాలు, అంటే కాషాయ బట్టలు, ఇవ్వడానికి ఏడాదిగా దాచుకున్న డబ్బు అందులో ఉంది. ఆ వయసులో ఆమెకి ఇంక వేరే ఏ ఖర్చూ లేదు.

“అల్లుడూ, చెక్కకి ఇది చాలుతుందా?”

“యాయ్, ఇది చీవరాల డబ్బు.”

“ఏది దేని డబ్బో నాకు చెప్పకు. చాలుతుందా లేదా?”

“ఇప్పుడు చల్లితే రొయ్యలు...”

“చెక్కకి చేపే పోతుంది, రొయ్య పోదు. కొంచెం తగ్గించి చల్లాలి. నీళ్లు బాగా తీసి చల్లాలి.” ఆమె ఊపిరి పీల్చుకుంది. “పౌర్ణమికి బాగా తీస్తాయి.”

నేను ఆమె మొహం వైపు చూశాను. ఆమె చెరువు వైపు చూస్తోంది.

వెనక నుంచి పికూన్ వచ్చింది. డబ్బా చూసింది. “ఎందుకు యాయ్? నీకు శీలం కదా ఆ రోజు. కావాలంటే నేను చల్లుతాను. నువ్వు గుడికి వెళ్లు.”

“నువ్వు గట్టు మీద కూర్చో. నేను చల్లుతాను.”

“యాయ్...”

“వాటిని గుంటలో వేసింది నేను. తియ్యాల్సిందీ నేనే. నీకింకా పెళ్లి కావాలి, పిల్లలు కావాలి, బోలెడంత బతకాలి. ఇంత పాపం నీ నెత్తిన ఎందుకు? నాకైతే ఎన్నాళ్లో లేదు, మోసినా దగ్గరే దిగిపోతాను.”

“మోయడం కూడా నీతోనే నేర్చుకోవాలా,” అంటూ పికూన్ ఆమె ఒళ్లో తలపెట్టుకుంది. యాయ్ దాని జుట్టులోంచి ఒక తవుడు పొట్టు తీసి పారేసింది.

పౌర్ణమినాడు యాయ్ తెల్ల చొక్కా వేసుకోలేదు. చెరువు పనికి వేసుకునే పాత నల్లచొక్కా తొడుక్కుంది. గుడికి పోయే పడవలన్నీ మా ఇంటి ముందు నుంచే పోవాలి. జొంగ్‌కోన్ తన పడవలో తామరమొగ్గలు పట్టుకుని వస్తూ కేకేసింది.

“యాయ్! గుడికి రావట్లేదా? ఒంట్లో బాలేదా?”

“చెరువులో పనుందే.”

“ఇవాళా?”

“ఇవాళే.”

జొంగ్‌కోన్ తెడ్డు ఆపింది. ఆవిడ చూపు మెట్ల మీదున్న బస్తాల దాకా వెళ్లి తిరిగి వచ్చింది. “సరే. నీ పేరున కూడా ఒక కొవ్వొత్తి వెలిగిస్తాలే,” అని చెప్పి వెళ్లిపోయింది.

నీళ్లు సగానికి పైగా తీశాక యాయ్ నడుముకి గుడ్డ బిగించి దిగింది. అన్నం వడ్డించే పెద్ద గరిటెతో నానిన చెక్క నీళ్లు తోడి, గుంట నుంచి మొదలుపెట్టి చల్లుకుంటూ పోయింది. పెదవులు కదులుతున్నాయి. ఏం చదువుతోందో వినపడలేదు. ఆమె ఒక చెయ్యి నేను పట్టుకున్నాను. గట్టు మీద కూర్చోమంటే కూర్చోని పికూన్ రెండో వైపు బకెట్ పట్టుకుని నడిచింది.

చేపపిల్లలు పైకి తేలడం మొదలైంది. నోళ్లు తెరుచుకుని, పక్కకి వాలి, సుళ్లు తిరుగుతూ. యాయ్ చల్లడం ఆపి వాటిని తోడసాగింది. ఏదీ ఎక్కువసేపు కొట్టుకోకుండా చూసుకోవడమే ఆమె పని అన్నట్టు, తేలినదాన్ని తేలినట్టే ఎత్తి బుట్టలో వేసింది. మధ్యాహ్నం దాటింది. ఆమె చేతులు తెల్లగా నానిపోయాయి. ఒకచోట నీళ్లలోంచి ఏదో చివ్వున ఎగిరి ఆమె మోచేతికి తగిలి మళ్లీ నీళ్లలో పడింది.

“రొయ్య!” అంది పికూన్. “రొయ్య నాన్నా, బతికే ఉంది!”

ఇంకొకటి ఎగిరింది. యాయ్ నిటారుగా నిలబడి, మోచెయ్యి తడుముకుని, “కుట్టింది దొంగముండ,” అంది. అప్పుడు నవ్వాం. ముగ్గురం, నడుములోతు నీళ్లలో.

పండుగప్ప పిల్లలు కూడా పోయాయి. చెక్కకి చేప అంటే చేపే, మంచిదీ చెడ్డదీ తెలీదు. డబ్బు పెట్టి కొన్నవి అవి. పికూన్ వాటిని వేరే బుట్టలో వేసి, కాసేపు చూసి, నల్లగడ్డాల బుట్టలో కలిపేసింది.

తర్వాతి రెండు నెలలూ కూడా చెరువు వైపు తలుపు తీసే ఉంది. ఒక పీడకల ఒకసారి తీరినంత మాత్రాన అది మళ్లీ రాదని చెవులు నమ్మవు. మధ్యలో జొంగ్‌కోన్ పెరట్లో కాంటా ఆగిపోయింది. ఈ ఏడాదికిచ్చిన డబ్బు అయిపోయిందని సర్కారు కొనడం ఆపేసింది. కాలువలో చేప మాత్రం అయిపోలేదు. సాయంత్రాలు గట్టు మీద కూర్చుంటే కాలువ నీళ్లు ఉడుకుతున్నట్టు కనిపించేవి. మా వల సందుల్లోంచి అవి లోపలికి తొంగిచూస్తున్నట్టే ఉండేది. ప్రతి వారం వల విప్పి, చిరుగులు కుట్టి, మళ్లీ కట్టేవాళ్లం.

వర్షావాసం ముగిసే పౌర్ణమి అక్టోబరులో వచ్చింది. ఆ రోజు యాయ్ తెల్ల చొక్కాతో గుడికి వెళ్లి వచ్చింది. మర్నాడు వల కట్టి తూము ఎత్తాం. పాటు నీళ్లు తోసుకుంటూ పోతుంటే వల బరువెక్కింది. ఇద్దరం పట్టి లాగలేకపోతే జొంగ్‌కోన్ పడవ కట్టేసి వచ్చి చెయ్యేసింది. వలలో రొయ్యలు. పులిచారల పెద్దవి, తెల్లవి, పీతలు, కొన్ని కొయ్యంగలు. అమ్మమ్మ కాలం పంటతో పోలిస్తే సగం. కిందటేటితో పోలిస్తే పండగ. వాటి మధ్య అక్కడక్కడా నల్లగడ్డం మచ్చలు కూడా ఉన్నాయి. ఉంటాయి. పికూన్ వాటిని ఏరి పక్కన పడేసింది. మొహం మీద బురద, కన్నీళ్లు కలిసి ఉన్నాయి. తుడుచుకోలేదు.

“ఓసేయ్, ఏడుపెందుకే? బేరగాడు చూస్తే రొయ్య బాలేదనుకుని ధర తగ్గిస్తాడు,” అంది జొంగ్‌కోన్.

సోలార్ కంపెనీ కుర్రాడు ఆ వారమే కాగితాలు పట్టుకుని వచ్చాడు. యాయ్ అతన్ని కూర్చోబెట్టి, పంపరపనస వలిచి, ఉప్పూ కారం అద్ది పెట్టింది. తిన్నాక, “నీ కాగితాలు నీ దగ్గరే ఉంచుకో నాయనా. చెరువు మా పిల్లది,” అంది. దారిలో తినమని ఇంకో పండు చేతిలో పెట్టింది.

కఠినం పండగ ముందు రోజు గుడిలో దాతల పేర్లు చదివారు. జొంగ్‌కోన్ పేరు పక్కన ‘లమూన్’ అని యాయ్ పేరు కూడా వినపడింది. యాయ్ తల తిప్పి చూసింది. జొంగ్‌కోన్ పైకప్పు దూలాలు లెక్కపెడుతోంది.

ఆ సాయంత్రం పికూన్ తన నిర్ణయం చెప్పింది. గట్టు మీద ముగ్గురం కూర్చున్నాం. పోటు ఎక్కుతోంది.

“ఇంక తూము ఎత్తను యాయ్. పలకలు శాశ్వతంగా దించేసి, సందుల్లో సిమెంటు పెడతాను. నీళ్లు మోటారుతో తోడతాను, జల్లెడపట్టి. పిల్లని కొంటాను. లెక్క వేశాను. మిగిలేది తక్కువే. కానీ మిగులుతుంది.”

“మోటారుకి డీజిల్?”

“అది కూడా వేశాను.”

“ఇన్నాళ్లూ అది చంద్రుడు ఊరికే చేసిన పని,” అంది యాయ్.

కాలువలో పోటు నీళ్లు తూము పలకల్ని తడుముతున్నాయి. యాయ్ లేచి తూము మీదికి నడిచింది. పెళ్లయ్యాక మొదటి పౌర్ణమికి ఆ పలకలు ఎత్తింది ఆమేనట, తల్లి చూస్తుండగా. చివరి పలక పక్కకి ఆనించి ఉంది. పికూన్ అందుకోబోతే వద్దని తల ఊపింది. తనే ఎత్తి, గాడిలో పెట్టి, మెల్లగా జారవిడిచింది. నీళ్ల చప్పుడు ఆగింది. గుప్పెడు బురద తీసి సందుల్లో మెత్తి, అరచెయ్యి పలక మీద ఆనించి కాసేపు ఉంది.

“పదండి, దోమలు,” అంది.

భోజనాలు అయ్యాక పికూన్ వెనక గదిలో చాప మీద ఒరిగింది. చెరువు సంగతి ఏదో చెబుతూ మాట మధ్యలోనే నిద్రపోయింది. జూలై నుంచి నేను వినని ఊపిరి అది, లోతుగా, ఒకే తీరున. తల్లి టోపీ గోడకి వేలాడుతోంది. యాయ్ దోమచుట్ట వెలిగించబోయి, ఆగి, చెరువు వైపు తలుపు దగ్గరికి వెళ్లింది. ఆ తలుపు బందులు కిర్రుమంటాయి. రెండు చేతులతో తలుపుని కొంచెం పైకెత్తి పట్టుకుని, చప్పుడు లేకుండా మూసి, గడియ వేసింది.